తాలికల్లాంటి పీచీ, ఉప్పు వెయ్యని రొట్టె

చెల్లీ, మొన్న ఫోన్లో "ఇటలీ అంటే పిజ్జాయేనా అక్కా?" అన్నావు చూడూ, ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే వాల్ దోర్చా గురించి చెబుతాను, కాస్త తీరిగ్గా విను.

టస్కనీలో, సియెనాకి దక్షిణాన ఓర్చా నది పారే లోయ అది. బొమ్మల్లో చూసే ఉంటావు. మెత్తగా ఒరిగిన గుట్టలు, గుట్ట మీద ఒంటిల్లు, దారి వెంట నిటారుగా సైప్రస్ చెట్లు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

ఆ అందమంతా మనుషుల రెక్కల కష్టం తల్లీ. అక్కడిది బంకమట్టి నేల. వానకి జారిపోతుంది, ఎండకి నెర్రెలు విచ్చుకుంటుంది. అప్పట్లో దున్నినవాళ్ళకి అది సొంతమూ కాదు. పంటలో సగం ఆసామికి, సగం రైతుకి. మన దగ్గర సగపాలుకి చేసినట్టే, అక్కడ మెజ్జాద్రియా అనేవారు. 1964లో చట్టం వచ్చి కొత్తగా అలా పాలుకివ్వడం ఆపించింది. అప్పటికే ఎన్నో కుటుంబాలు పట్నాలకి వెళ్ళిపోయాయి. బీడుపడ్డ ఆ పొలాలకి సార్డీనియా దీవి నుంచి కాపరులు గొర్రెల మందలతో వచ్చి స్థిరపడ్డారు. పియెంజా ఊరి గొర్రెపాల చీజ్, పెకొరీనో, పాతకాలం నాటిదే అయినా ఇవాళ ఇంత పేరుగా నిలబడిందంటే అందులో వాళ్ళ చలవ ఎంతో ఉంది.

పియెంజా అసలు పేరు కొర్సిన్యానో. అక్కడ పుట్టినాయన 1458లో రెండో పియస్ పేరుతో పోప్ అయ్యి, రొసెల్లీనో అనే శిల్పి చేత పుట్టిన ఊరిని కొత్తగా కట్టించి, తన పేరే పెట్టాడు. గుట్ట అంచున కట్టిన పెద్ద చర్చి వెనకభాగం మాత్రం మొదట్నుంచీ కుంగుతూనే ఉంది. ఆ నేల పోప్ మాటా వినలేదు!

నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి ఐరిస్ ఒరీగో. 1924లో భర్తతో కలిసి ఆ లోయలోనే లా ఫోచే ఎస్టేటు కొని, ఆ బీడుని సాగులోకి తెచ్చింది, రైతుబిడ్డలకి బడి పెట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల భయంతో వచ్చిన పిల్లల్ని దాచింది. 1944లో యుద్ధం గుమ్మంలోకి వస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని మోంతెపుల్చానోకి నడిచి వెళ్ళింది. ఆ రోజులన్నీ డైరీలో రాసుకుంది. చదువు, తప్పకుండా.

ఇక తిండి సంగతి. రొట్టెలో ఉప్పు వెయ్యరు. మొదటి ముక్కకి చప్పగా, ఏదో మర్చిపోయినట్టు ఉంటుంది. ఉప్పగా ఉండే పెకొరీనో నంజుకుంటే అప్పుడు తెలుస్తుంది రుచి. పీచీ అనే పాస్తా అయితే అచ్చం మన తాలికలే! గోధుమపిండి, నీళ్ళు, రవ్వంత ఆలివ్ నూనె. గుడ్డు కూడా వెయ్యరు చాలామంది, పేదింటి వంట కదా. పిండి పట్టీని చెక్క మీద వేసి, అరచేత్తో ముందుకీ వెనక్కీ దొర్లిస్తూ ఒక్కొక్క తాడూ సాగదీస్తారు. ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఉడికించాక, ఎండిన రొట్టెని పొడిచేసి వెల్లుల్లితో ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించి పైన చల్లుతారు. కరకరలాడుతుంది.

ఆదివారం పిల్లల్ని పీటల మీద కూర్చోబెట్టి చేయించు. పిండి గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్. వంకరగా వచ్చినవి తీసి పారెయ్యకు.