ఉడుత దవడ కండరాలు – కొరుకుడు బలం

ఇచ్చోడ పరిసరాల్లో పత్తి, సోయా, కంది, మొక్కజొన్న పండే పొలాల గట్లపై మామిడి, సీతాఫలం, ఇప్ప చెట్లున్న చోట చారల ఉడుత సర్వసాధారణం. దాని బరువు సుమారు వంద గ్రాములే. అయినప్పటికీ గట్టి టెంకలను తొలిచి పప్పు తినగలదు. బిందుసేద్యపు ప్లాస్టిక్ గొట్టాలను సైతం కొరకగలదు. ఈ నష్టాన్ని ఎలుకలదిగా భావించి కన్నాల్లో విషపు ఎర పెట్టినచో ఖర్చు వృథా అగుటయే గాక ఇతర జీవులకు ముప్పు కలుగుతుంది. కావున ఈ చిన్న జంతువు దవడ పనిచేసే తీరును తెలుసుకొనుట అవసరం.

దవడను ఒక మీటగా భావించవచ్చు. దవడ కీలు ఆనిక. కండరం లాగే చోటు ప్రయత్నం. దంతం కొన భారం. కుంతకాలతో కొరికేటప్పుడు కండరం కీలుకు, దంతానికి నడుమ ఉంటుంది. అనగా ఇది అడకత్తెర వంటిది కాదు, పట్టకారు వంటిది. పట్టకారులో ప్రయోగించిన బలం కన్న కొన వద్ద లభించే బలం తక్కువ. లెక్క కోసం కండర బలం 20 న్యూటన్లు, కీలు నుండి కండర రేఖకు లంబదూరం 8 మి.మీ., కుంతకాల కొనకు 20 మి.మీ. అనుకొనిన, కొరుకుడు బలం 20×8÷20 = 8 న్యూటన్లు. అదే బలం 10 మి.మీ. దూరంలోని చర్వణకం వద్ద 16 న్యూటన్లగును.

ఈ లోటును ఉడుత ఎట్లు పూడ్చుకొన్నది? ప్రధాన నమిలే కండరమైన మాసెటర్ యొక్క పార్శ్వ భాగం చెంప ఎముకను దాటి, కంటి ముందుగా మూతి ఎముక మీదికి పాకి అతుక్కొని ఉంటుంది. తత్ఫలితంగా లాగే రేఖ ముందుకు జరిగి, కీలు నుండి లంబదూరం పెరుగును. దవడ పైకి, ముందుకు లాగబడును. కృంతకాల్లో ఈ అమరిక ఉడుత వర్గపు ముఖ్య లక్షణం. గినీ పందిలో మాసెటర్ లోపలి భాగం కంటి గూటి ముందున్న రంధ్రం గుండా మూతిపైకి సాగుతుంది. ఎలుకలో రెండు ఏర్పాట్లూ కలిసి ఉన్నవి. 2012లో కాక్స్, సహచరులు కంప్యూటర్ నమూనాలతో ఈ మూడింటిని పోల్చి, ఉడుత కుంతకాలతో కొరుకుటలోను, గినీ పంది చర్వణకాలతో నములుటలోను మెరుగని, ఎలుక రెండింటిలోను సమర్థమని చూపిరి. ఎలుకల విస్తృత వ్యాప్తికి ఇదొక కారణం కావచ్చును.

కణత కండరం, టెరిగాయిడ్ కండరాలు తోడ్పడినా వాటి పాత్ర ఇక్కడ తక్కువ.

కండర బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అయితే నోరు అధికంగా తెరిచినప్పుడు పోగులు మితిమీరి సాగి బలం తగ్గును. అందుచేత ఉడుత నున్నని, గుండ్రని పెద్ద వస్తువును నేరుగా కొరకలేదు; అంచు, పగులు లేదా ముడి దొరికిన చోటనే మొదలిడును. కుంతకాల ముందు వైపునే పింగాణీ ఉండుటచే వెనుక వైపు త్వరగా అరిగి, ఉలి వలె పదును నిలుచును. అవి జీవితాంతం పెరుగుచునే ఉండును.

క్షేత్రంలో పరిశీలకులు గమనించదగినవి: ఉడుత పగటి జీవి, ఎలుక ప్రధానంగా రాత్రి జీవి. కాయకు ఉదయం లేని గాటు సాయంత్రానికి కనిపించిన ఉడుతను అనుమానించవలెను. ఒంటరి చెట్టు అయినచో కాండం చుట్టూ నున్నని రేకు పట్టీ చుట్టవచ్చును. కొమ్మలు పక్క చెట్టును తాకుచున్న తోటలో ఆ రేకు వలన ప్రయోజనం లేదు.