పరదేశములలో పని నేర్చుకొనుచున్న జర్మను శిక్షార్థులు

జర్మనీ దేశపు చేతిపనికి, యంత్రపు పనికి లోకమున మంచి పేరు కలదు. ఒక పనిముట్టు ఆ దేశమున తయారైనదని తెలిసినచో, ధర విచారింపకమునుపే దాని గట్టితనమును నమ్మెడివారు మన పల్లెలలో సైతము ఉన్నారు. అంతటి పనివారిని తీర్చిదిద్దు దేశము, ఇంకను పని పూర్తిగా పట్టుబడని 19, 20 ఏండ్ల పడుచువారిని ఐర్లండునకో, స్పెయినునకో, మాల్టా ద్వీపమునకో పోయి, కొన్ని వారములు అచ్చటి కర్మశాలలలో పని చేసి రమ్మని ఏల పంపుచున్నది? తమ ఇంట లేనిది పొరుగింట ఏమి యున్నదని వారి తలంపు? ఈ సంగతిని కొంత వివరముగా పాఠకుల ముందుంచదలచితిమి.

ముందుగా ఆ దేశమున పని నేర్పు పద్ధతి తెలియవలెను. బడి చదువు ముగించిన పిల్లవాడు గాని, పిల్ల గాని వడ్రంగమో, రొట్టెలు కాల్చుటయో, మోటారు మరమ్మతో, గుమాస్తా పనియో నేర్వదలచినచో, ఒక యజమానితో వ్రాతపూర్వకముగా ఒడంబడిక చేసికొనును. వారమునకు మూడు నాలుగు దినములు యజమాని కర్మశాలలో పని. తక్కిన ఒకటి రెండు దినములు వృత్తి పాఠశాలలో లెక్కలు, పటములు గీయుట, ఆ వృత్తికి సంబంధించిన శాస్త్రము. రెండుచోట్ల జరుగును గనుక దీనిని జంట శిక్షణ అనవచ్చును. ఇట్లు నేర్పబడు వృత్తులు 300కు పైగా కలవు. వృత్తిని బట్టి శిక్షణకాలము 2 మొదలు 3½ సంవత్సరముల వరకు ఉండును. ఆ కాలమంతయు యజమాని నెలనెలా భృతి ఈయవలెను. 2020వ సంవత్సరమున ఇందులకు కనీసపు మొత్తము చట్టముచే నిర్ణయింపబడినది. నాడు మొదటి ఏటి భృతి నెలకు 515 యూరోలు, పిమ్మట అది పెరుగుచు వచ్చినది. కడపటి పరీక్షను జరుపునది యజమానియు కాదు, పాఠశాలయు కాదు; వృత్తికారుల మండలియో, వర్తక పారిశ్రామిక మండలియో జరుపును. ఈ ఏర్పాటునకంతటికి 1969లో చేయబడిన వృత్తిశిక్షణ చట్టము ఆధారము.

మన దేశమున 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినది. ఐ.టి.ఐ. లో చదివి, పిదప ఒక కార్ఖానాలో అప్రెంటిసుగా కుదిరినవారు మన గ్రామములలో పెక్కుమంది ఉన్నారు గనుక ఈ పద్ధతి మనకు బొత్తిగా కొత్త కాదు. ఐనను ఒక భేదము కలదు. మనవాడు తఱచుగా ముందు పాఠశాలకు, తరువాత కార్ఖానాకు పోవును. జర్మను శిక్షార్థి మొదటి దినము నుండియు రెండింటను ఉండును. అతడు విద్యార్థియే కాక ఆ కర్మశాలలో లెక్కకు వచ్చు ఒక చేయి కూడ. విశ్వవిద్యాలయపు విద్యార్థి ఆరు నెలలు పరదేశమునకు పోయినచో తరగతిలో ఒక బల్ల ఖాళీ యగును, అంతే. శిక్షార్థి పోయినచో పని ఆగును. ఈ ఒక్క సంగతి జ్ఞప్తియందుంచుకొన్నచో ముందు చెప్పబోవునది సులభముగా బోధపడును.

పని కొరకు ఊరు విడచుట ఆ దేశమున నేటి మాట కాదు. మధ్యయుగముల నుండి వడ్రంగులు, తాపీపనివారు, కమ్మరులు మొదలగువారికి దేశసంచారము ఒక నియమముగా ఉండెడిది. శిక్షణ ముగించి పరీక్షలో నెగ్గినవాడు కొన్ని ఏండ్లు ఊరూర తిరిగి, వేరువేరు గురువుల కడ పని చేసినగాని, తానే గురువై కర్మశాల పెట్టుటకు అనేక వృత్తిసంఘములు ఒప్పుకొనెడివి కావు. ఈ ఆచారము నేటికిని పూర్తిగా అంతరింపలేదు. ఏ కాలమందైనను కొన్ని వందలమంది ఇట్లు తిరుగుచునే యుందురు. వారి నియమములు వినదగినవి. సంచారకాలము 3 సంవత్సరముల 1 దినము. ఆ కాలమున స్వగ్రామమునకు 50 కిలోమీటర్ల లోపలికి రాకూడదు. పెండ్లి కాని వాడు, అప్పు లేని వాడు, 30 ఏండ్లు నిండని వాడు మాత్రమే బయలుదేరవలెను. వెడల్పు అంచు గల నల్లని టోపీ, క్రింద వెడల్పైన మందపు నల్లని షరాయి, చేత మెలికలు తిరిగిన కఱ్ఱ, వీపున బట్టలో చుట్టిన పనిముట్ల మూట. ప్రయాణమునకు, బసకు డబ్బు చెల్లించుట ఆచారము కాదు. నడచియో, దారినపోవు బండి నడుగుకొనియో పోవును. చెవికి బంగారు పోగు ధరింతురు. దారిలో ప్రాణము పోయినచో అంత్యక్రియలకు అది అక్కరకు వచ్చునని పెద్దలు చెప్పుదురట. పూర్వము మగవారికే చెల్లిన ఈ సంచారమునకు ఇప్పుడు కొన్ని సంఘములు స్త్రీలను సైతము అనుమతించుచున్నవి.

ఈ సంచారికిని, మేము చెప్పబూనిన శిక్షార్థికిని ముఖ్యమైన భేదము కలదు. సంచారి పని నేర్చినవాడు, ఎవరికిని కట్టుబడనివాడు. శిక్షార్థి ఇంకను నేర్చుకొనుచున్నవాడు, ఒడంబడికకు లోబడినవాడు. అతడు పరదేశమున గడపిన దినములను ఏ లెక్కలో వ్రాయవలెను? భృతి ఎవరు ఈయవలెను? పరీక్షకు ఆ దినములు చెల్లునా? 2005లో ఆ చట్టమును సవరించినప్పుడు వీనికి స్పష్టమైన సమాధానము లభించినది. శిక్షణకాలములో నాలుగవ వంతు వరకు పరదేశమున గడపవచ్చును. అనగా 3 సంవత్సరముల వృత్తిలో 9 నెలలు. ఒడంబడిక తెగదు; భృతి ఆగదు; ఆ కాలము శిక్షణలో భాగముగనే ఎంచబడును. యజమాని ఒప్పుకొనవలెను, పాఠశాల సెలవీయవలెను. 2020లో వచ్చిన సవరణ ప్రకారము, బస 8 వారములకు మించినచో, అచ్చట ఏమేమి నేర్చునో తెలుపు ప్రణాళికను వృత్తిమండలితో సంప్రదించి సిద్ధము చేయవలెను.

ఇక ధనము మాట. ఐరోపా సంఘము 1995లో లియోనార్డో దా వించి పేరిట ఒక పథకమును ప్రారంభించి శిక్షార్థుల ప్రయాణమునకు, భోజన వసతులకు సహాయము చేసినది. 2014 నుండి ఆ పని ఎరాస్మస్ ప్లస్ అను పెద్ద పథకమున చేర్చబడినది. ఐరోపాకు వెలుపల పోవువారికి సహాయము చేయుటకు జర్మను ప్రభుత్వము 2017లో వేరొక పథకము పెట్టినది. ఫ్రాన్సుతో ఇచ్చిపుచ్చుకొనుట అంతకన్న పాతది. తరతరములుగా పోరాడిన ఆ రెండు దేశములు 1963లో మైత్రి ఒడంబడిక చేసికొనగా, 1980లో ఇరు దేశముల వృత్తిశిక్షార్థుల మార్పిడికి సార్‌బ్రూకెన్ నగరమున ఒక కార్యాలయము ఏర్పడినది. ఇటు నుండి ఒక జట్టు అటు పోవును. అటు నుండి ఒక జట్టు ఇటు వచ్చును.

ఇచ్చట ఒక మాట మన పాఠకుల కొరకు చెప్పక తప్పదు. ఇటీవలి సంవత్సరములలో తెలుగు యువతీయువకులు సైతము నర్సింగు మొదలగు వృత్తులలో శిక్షణ కొరకు జర్మనీకి పోవుచున్నారు. వారికి కొన్ని వారములు కాదు, శిక్షణ యావత్తు పరదేశమందే. అట్టివారు తెలిసికొనవలసిన ముఖ్యాంశమొకటి ఆ దేశపు చట్టములలో కలదు: శిక్షణ ఇచ్చినందులకు శిక్షార్థి యజమానికి సొమ్ము చెల్లింపవలెనను షరతు చెల్లదు. భృతి ఇచ్చువాడు యజమాని, పుచ్చుకొనువాడు శిక్షార్థి. కావున శిక్షణ రుసుము క్రింద యజమానికి ఇంత ముట్టజెప్పవలెనని మధ్యవర్తి ఎవడైనను అడిగినచో, పొలము తాకట్టు పెట్టుటకు ముందు ఒడంబడిక కాగితమును చూపుమని అడుగుట మంచిది. అందులో వృత్తి పేరు, శిక్షణ ఎంతకాలము, దినమునకు ఎన్ని గంటలు, భృతి ఎంత, సెలవు ఎన్ని దినములు, పరీక్షార్థముగా ఉంచుకొను తొలి కాలమెంత అనునవి వ్రాసి యుండవలెను. పరిచయమున్నవారి చేత ఆ జర్మను కాగితమును ఒకమారు చదివించుకొనుట ఇంకను మంచిది.

మరల జర్మను శిక్షార్థుల మాటకు వత్తము. మోటారు మరమ్మతు నేర్చుకొను యువకుడు ఐర్లండునకు గాని మాల్టాకు గాని పోయెననుకొందము. అచ్చట బండ్లు మన దేశమున వలెనే రహదారికి ఎడమప్రక్కన నడచును. చుక్కాని చక్రము బండికి కుడివైపున ఉండును. తన దేశమున అంతయు దీనికి విరుద్ధము. చేయి అలవాటుగా పోవు చోట భాగము దొరకదు. రెండేండ్లు నేర్చినవాడు మొదటివారము క్రొత్తవాడై నిలుచును. కరెంటు పనివాడు ఆ దేశములలో మూడు పలకల ముళ్లు గల ప్లగ్గును, ఆ ప్లగ్గులోనే అమర్చిన ఫ్యూజును చూచును. అట్టి ప్లగ్గు జర్మనీలో లేదు. ఎందుకిట్లు పెట్టిరని అడుగక తప్పదు. అడిగిన పిమ్మట, తన దేశమున వేరుగా ఏల పెట్టిరను ప్రశ్నయు పుట్టును. అంతవరకు అది అతనికి తోచియుండదు.

రొట్టెల పని నేర్చుకొను పిల్ల ఫ్రాన్సునకు పోయినచో భేదము మరియు స్పష్టము. జర్మనీలో రై అను ధాన్యపు పిండితో బరువైన నల్లని రొట్టెలు విశేషముగా చేయుదురు. మనము నిన్నటి మజ్జిగతో నేటి పాలను తోడుపెట్టినట్లు, వారు పాత పులిసిన ముద్దతో కొత్త పిండిని పులియజేయుదురు. ఫ్రాన్సులో గోధుమపిండితో పొడవైన తేలిక రొట్టె ప్రధానము. సంప్రదాయపు రొట్టె అను పేరుతో అమ్మదలచినచో ఎట్టి కృత్రిమ ద్రవ్యములను కలుపరాదని 1993లో అచ్చటి ప్రభుత్వము శాసించినది. రై పిండి గోధుమపిండివలె సాగదు. ఆ ముద్దకు అలవడిన చేయి ఈ మెత్తని ముద్దను పట్టి సాగదీయుటను క్రొత్తగా నేర్వవలెను. పొయ్యి ముందర నిలిచి గంటల తరబడి చేసినగాని రాని నేర్పు అది. మాటలు కొద్దిగా వచ్చినను చాలును, చూపును చేయియు పాఠము చెప్పును. ఐతే కత్తి, పొయ్యి, యంత్రము ఉన్నచోట 'ఆగుము', 'ముట్టకుము' అను మాటలు ముందుగానే తెలిసి యుండవలెను. అందుచేతనే బయలుదేరుటకు ముందు భాషాపాఠములు, ప్రమాదపు భీమా ఏర్పాట్లు తప్పనిసరి. ఏ పని నేర్వవలెనో శిక్షార్థియు, పంపువారును, చేర్చుకొనువారును కలసి వ్రాతమూలముగా ఒప్పుకొందురు. తిరిగి వచ్చునప్పుడు, చేసిన పనిని వివరించు యూరోపాస్ అను పత్రము లభించును.

ఈ యాత్రలన్నియు సమానమని మేము అనము. వృత్తి పాఠశాల నుండి ఇరువదిమంది ఒక జట్టుగా పోయి, ఒకే బసలో దిగి, సాయంకాలమంతయు జర్మను భాషలోనే మాటలాడుకొని, మూడవ వారమున తిరిగి వచ్చినచో దానివలన కలుగు లాభము స్వల్పమని మా అభిప్రాయము. ఒంటరిగా పోయి, సంతలో కూరలు తానే కొనుక్కొని, పని తప్పినప్పుడు పరభాషలో చివాట్లు తిన్నవానికి గలుగు లాభము వేరు. ఈ సంగతి అధికారులకును తెలియును. 2018 నుండి మూడు నెలలకు తక్కువ గాని దీర్ఘశిక్షణకు ప్రత్యేక సహాయము ఈయబడుచున్నది. ఐనను పోవువారిలో ఎక్కువమంది కొద్ది వారములకే పోవుచున్నారు.

దీనికి కారణము వెదకినచో మరల చిన్న కర్మశాల కడకే రావలెను. వేలమంది పనిచేయు పెద్ద కంపెనీకి ఒక శిక్షార్థి నెలదినములు లేకున్నను తెలియదు. యజమాని, ఇద్దరు పనివారు, ఒక శిక్షార్థి ఉన్న వడ్రంగి కర్మశాలలో అట్లు కాదు. చలికాలమునకు ముందు పైకప్పు పూర్తి చేయవలసియుండగా, దూలము రెండవ కొన పట్టుకొను పిల్లవాడు స్పెయినులో ఉన్నాడనిన యజమానికి ఎట్లుండును? భృతి తానిచ్చుచున్నాడు, పని మరియొకరి దుకాణమున జరుగుచున్నది. అతడు సంకుచితబుద్ధి గలవాడని తేలికగా నిందించువారితో మేము ఏకీభవింపజాలము. 2013లో జర్మను పార్లమెంటు, 2020 నాటికి శిక్షార్థులలో నూటికి 10 మందియైనను పరదేశ శిక్షణ పొందవలెనని ఆశయము ప్రకటించినది. 2017లో లెక్క చూడగా నూటికి 5.3 మంది మాత్రమే తేలిరి. 2020లో కరోనా వ్యాధి సరిహద్దులను మూసివేసినది. పెక్కుమందికి ప్రీతిపాత్రమైన బ్రిటను 2021లో ఎరాస్మస్ పథకము నుండి వైదొలగినది. పోవుచున్నవారిలోను గుమాస్తా పనులు, వాణిజ్యపు పనులు నేర్చుకొనువారి పాలు ఎక్కువ. సుత్తి, రంపము పట్టువారి పాలు తక్కువ.

ఈ లోటును పూరించుటకు 2009 నుండి వృత్తిమండలులలో సలహాదారులు నియమింపబడుచున్నారు. చిన్న యజమానికి అర్జీలు నింపుటకు తీరిక యుండదు; పరదేశమున నమ్మదగిన కర్మశాల ఏదో తెలియదు. ఆ రెండు పనులును సలహాదారు చేయును. పని తక్కువగా ఉండు ఋతువును చూచి శిక్షార్థిని పంపునట్లు యజమానిని ఒప్పించుటయు అతని నేర్పునందే యున్నది. ఒకమారు ఒప్పుకొన్న యజమానికి మరియొక లాభము కలదు. ఆ దేశమున శిక్షణకు చేరువారు చాలక అనేక కర్మశాలలు బాధపడుచున్నవి. పరదేశమునకు పంపెదమని చెప్పగల దుకాణమునకు పిల్లలు ఇష్టపడి వత్తురు.

తిరిగి వచ్చిన శిక్షార్థికి ఒక బరువు మిగిలియుండును. పాఠశాలలో తప్పిన పాఠములను తానే చదువుకొనవలెను. పరీక్షలో ప్రశ్నలు జర్మను పద్ధతి ప్రకారమే ఉండును గాని, ఐర్లండు ప్లగ్గును గూర్చి ఎవరును అడుగరు. శిక్షణ మొదటి దినము నుండి ప్రతి శిక్షార్థియు తాను చేసిన పనిని ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. పరదేశమున గడపిన వారములును అందులో చేరవలెను: ఏ దినమున ఏ పని, ఏ పనిముట్టు, ఏమి నేర్చితిని. ఆ పుటల క్రింద శిక్షార్థియు, అతనికి పని నేర్పు బాధ్యత వహించినవారును సంతకము చేయుదురు. ఆ పుస్తకము సక్రమముగా లేనిచో కడపటి పరీక్షకు కూర్చుండనీయరు.