టైఫాయిడ్ మందులు ఎందుకు పనిచేయకుండా పోతున్నాయి?

"జ్వరం తగ్గింది కదా, ఇంకా మాత్రలెందుకు?" అని చాలామంది మధ్యలోనే మందులు మానేస్తుంటారు. మిగిలినవి దాచి, ఇంట్లో మరొకరికి జ్వరం వస్తే ఇస్తుంటారు. దీనివల్ల కలిగే నష్టమేమిటో తెలుసుకుందాం.

మందుకు లొంగకపోవడం అంటే ఏమిటి?

మందుకు అలవాటు పడేది మన శరీరం కాదు, బాక్టీరియా. కోట్లాది క్రిములలో ఏ కొన్నింటికో మందును తట్టుకొనే గుణం ఉంటుంది. యాంటీబయాటిక్ వాడినప్పుడు మిగతావి చనిపోయి, ఇవి మిగిలి వృద్ధి చెందుతాయి. నీళ్ల ద్వారా, ఆహారం ద్వారా, చేతుల ద్వారా ఇతరులకు సోకుతాయి. అందుకే ఎన్నడూ ఆ మాత్ర మింగని పసిబిడ్డకు కూడా మొండి జబ్బు రావచ్చు.

టైఫాయిడ్ నేర్పే పాఠం

1948లో క్లోరాంఫెనికాల్ వాడకం మొదలయ్యాక టైఫాయిడ్ మరణాలు బాగా తగ్గాయి. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. తరువాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది. 1990ల నుండి అదీ బలం కోల్పోయింది. 2016లో పాకిస్తాన్‌లో, సింధు ప్రాంతపు హైదరాబాదు నగరంలో, సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయలుదేరింది. నోటి ద్వారా ఇచ్చే మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే అక్కడ నమ్మకంగా మిగిలింది. అక్కడి పిల్లలకు వేసిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసినదే. 6 నెలలు నిండిన పిల్లలకు ఈ టీకా వేయించవచ్చు.

మనం చేయవలసినవి

1. జలుబుకు, వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అట్టపై ఎర్రగీత ఉన్న మాత్రలను డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు.

2. జ్వరం 3 రోజులు దాటితే ఆసుపత్రికి రండి. విడాల్ పరీక్ష ఒక్కదానితో టైఫాయిడ్ అని నిర్ధారించలేము. బ్లడ్ కల్చర్ చేస్తే ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వడం మంచిది.

3. సరైన మందు వాడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. కంగారుపడి మందు మార్చవద్దు. తగ్గిందని మానేస్తే జ్వరం తిరగబెట్టవచ్చు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి.

4. విపరీతమైన కడుపునొప్పి, మలంలో రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

5. నీళ్లు కాచి చల్లార్చి తాగండి. మలవిసర్జన తరువాత, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. వార్డులో రోగిని ముట్టుకొనే ముందు, తరువాత కూడా చేతులు కడగడం మరువవద్దు.

ఈ రోజు అనవసరంగా మింగిన మాత్ర, రేపు అవసరమైనవారికి పనిచేయకపోవచ్చు.