జ్వరం వస్తుందని ముందే చెప్పొచ్చుగా!

బుధవారం. టీకాల రోజు. అంగన్‌వాడీ కేంద్రం ముందు తల్లులు పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నారు. నర్సమ్మ రిజిస్టరు తెరిచింది. ఒక పేరు దగ్గర ఆగింది.

"ఈ పిల్లకి నెలన్నర దాటింది. ఇంకా తీసుకురాలేదేం?" అని ఆశా అక్కని అడిగింది.

"రెండుసార్లు చెప్పానమ్మా. వస్తానంటుంది, రాదు" అంది ఆశా అక్క.

నర్సమ్మకి కోపం వచ్చింది. మధ్యాహ్నం ఆ ఇంటికే వెళ్లింది. గడప దగ్గర నిలబడే అడిగింది.

"సూది వేయించవా? రేపు బిడ్డకి ఏదన్నా అయితే ఎవరిది పూచీ? రాత్రి బడికి పోయి చదువుకున్నావు, ఆమాత్రం తెలియదా?"

బాలింత తల వంచుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు. లోపలి నుంచి అత్త అంది, "మా పిల్లలకి ఏ సూదులు వేయించాం? బతకలేదా?"

నర్సమ్మ విసుక్కుంటూ వెళ్లిపోయింది.

నర్సమ్మ ఒక్కదాన్నే తప్పు పట్టడం న్యాయం కాదు. ఒక ఉపకేంద్రం కింద అయిదు వేల మంది దాకా జనం ఉంటారు. గర్భిణులు, బాలింతలు, బీపీ మాత్రలు, రిజిస్టర్లు, అన్నీ ఆమె చూసుకోవాలి. పైవాళ్లు "ఎందరికి వేశావు?" అని అడుగుతారు. "రానివాళ్లు ఎందుకు రాలేదు?" అని అడిగేవాళ్లు తక్కువ. అయినా, మాట పడ్డ చోటికి ఏ తల్లి మళ్లీ వస్తుంది?

మర్నాడు సాయంత్రం ఆశా అక్క ఆ ఇంటికి వెళ్లింది. టీకా మాట ఎత్తలేదు. అత్త అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆశా అక్క కూడా పక్కన కూర్చుని గుప్పెడు కాయలు తీసుకుంది.

"నీకు ఎందరు పిల్లలు పెద్దమ్మా?"

"అయిదుగుర్ని కన్నాను. ముగ్గురు మిగిలారు. ఒకడు తట్టు పోసి పోయాడు. అమ్మవారు తీసుకుపోయింది అనుకున్నాం."

ఆశా అక్క అమ్మవారిని ఏమీ అనలేదు. "ఇప్పుడు తట్టుకి సూది ఉంది పెద్దమ్మా. తొమ్మిది నెలలు నిండగానే వేస్తారు. గుమ్మానికి వేపాకూ కడదాం, సూదీ వేయిద్దాం" అంది. అత్త కాసేపు కాయల వంకే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు ఆశా అక్క బాలింత వైపు తిరిగింది. "పెద్దదానికి వేయించావు గదమ్మా. దీనికి ఎందుకు వద్దనిపించింది?"

ఆమె నోరు విప్పింది.

"పెద్దదానికి సూది వేయించిన రాత్రి ఒళ్లు కాలిపోయింది అక్కా. తొడ వాచింది. తెల్లవార్లూ ఏడుపే. 'బాగున్న బిడ్డకి జబ్బు తెచ్చిపెట్టావు' అన్నాడు మా ఆయన. రెండు రోజులు కూలికి పోలేదు. ఇప్పుడేమో ఒకే రోజు మూడు సూదులంట. జ్వరం వస్తుందని ముందే చెప్పొచ్చుగా అక్కా! ఆరోజు నాకు ఎవరూ చెప్పలేదు."

ఆశా అక్క ఈ మాట నర్సమ్మ చెవిన వేసింది. నర్సమ్మ కాసేపు మాట్లాడలేదు. "తిట్టాను గానీ అడగలేదు" అంది.

మళ్లీ బుధవారం వచ్చింది. బాలింత వచ్చింది, వెనకే అత్త కూడా వచ్చింది. నర్సమ్మ వాళ్లని కూర్చోబెట్టింది. సూది తీయకముందే మాట మొదలుపెట్టింది.

"ఎడమ తొడకి వేసే సూదిలో అయిదు మందులు ఉన్నాయి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా కాపాడతాయి. కాలేయాన్ని పాడుచేసే ఒక రకం కామెర్లకీ, మెదడు పొరల వాపుకీ మందు ఇందులోనే ఉంది. కుడి తొడకి వేసేది నిమోనియాకి. చేతికి వేసే చిన్న సూది పోలియోకి. నోట్లో వేసే చుక్కలు పోలియోకీ, నీళ్ల విరేచనాలకీ."

"ఇన్ని ఒకేసారి పసిగుడ్డు తట్టుకుంటుందా?" అత్త అడిగింది.

"తట్టుకుంటుంది పెద్దమ్మా. గాలిలో, మన చేతుల మీద రోజూ ఎన్నో క్రిములు దాని ఒంట్లోకి పోతూనే ఉన్నాయి. వాటి ముందు ఇది కొంచెమే."

తర్వాత నర్సమ్మ అసలు మాట చెప్పింది.

"ఈ రాత్రి జ్వరం రావచ్చు. తొడ వాచి ఎర్రబడొచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కోరింత దగ్గు మందు వల్ల ఇది ఎక్కువగా వస్తుంది. జ్వరం రాకపోయినా మందు పనిచేస్తుంది. ఈ పారాసెటమాల్ చుక్కలు నేను చెప్పినన్నే వేయి. పాలు ఇస్తూనే ఉండు. సూది వేసిన చోట పసుపు గానీ నూనె గానీ రాయొద్దు, రుద్దొద్దు. జ్వరం బాగా ఎక్కువై దిగకపోయినా, ఫిట్స్ వచ్చినా, మూడు గంటలకి మించి ఆపకుండా ఏడ్చినా, పాలు తాగకపోయినా రాత్రి అని చూడొద్దు. నాకు ఫోన్ చేయి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపో."

సూదులు వేశాక అరగంట అక్కడే కూర్చోమంది. ఎక్కడో ఒక బిడ్డకి మందు పడకపోతే ఆ కాసేపట్లోనే తెలుస్తుంది. నర్సమ్మ దగ్గరే ఉంటుంది కాబట్టి చూసుకుంటుంది.

ఆ అరగంటలో ఆశా అక్క ఉత్తరప్రదేశ్ సంగతి చెప్పింది.

మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. అయినా 2002లో 1,600 మంది పిల్లలకి పోలియో వచ్చింది. ఎక్కువ మంది ఉత్తరప్రదేశ్ పిల్లలే. అక్కడ కొన్ని వీధుల్లో చుక్కల వాళ్లు వస్తే తలుపులు మూసేవారు. చుక్కలు వేస్తే పిల్లలకి రేపు సంతానం కలగదని పుకారు పుట్టింది. "మాకు మురుగు కాలవ లేదు, ఆసుపత్రిలో మందు లేదు. ఈ చుక్కలు మాత్రం ఇంటికి తెచ్చి ఎందుకు ఇస్తున్నారు?" అని జనం అడిగారు. అడగవలసిన మాటే కదా!

గద్దిస్తే తలుపులు తెరుచుకోలేదు. అప్పుడు ఆ వీధుల్లో ఉండే ఆడవాళ్లనే ఈ పనిలోకి తీసుకున్నారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి కూర్చుని విన్నారు. మసీదు పెద్దలు కూడా చుక్కలు వేయించమని చెప్పారు. విరేచనాల సంగతి, చేతులు కడుక్కోవడం, మిగతా టీకాలు, అన్నీ మాట్లాడారు. 2010లో ఇంకా బాగా పనిచేసే చుక్కల మందు కూడా వచ్చింది. 2009లో 741 మందికి వచ్చిన పోలియో 2010లో 42 మందికి వచ్చింది. 2011లో ఒక్కరికే వచ్చింది. పశ్చిమ బెంగాల్లోని హౌరా దగ్గర ఒక చిన్న పాప. ఆ పాపే ఆఖరు. 2014 మార్చి 27న మన దేశంలో పోలియో లేదని ప్రకటించారు.

నర్సమ్మ కార్డు మీద తేదీ రాసి ఇచ్చింది. బాలింత వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. "మళ్లీ నాలుగు వారాలకా అమ్మా?"

"అవును. ఒకవేళ ఆలస్యమైనా మానకు. మొదటి నుంచి మళ్లీ వేయించక్కర్లేదు. కార్డు జాగ్రత్త."

ఆ రాత్రి పాపకి జ్వరం వచ్చింది. భర్త లేచి, "మళ్లీనా?" అన్నాడు.

"వస్తుందని నర్సమ్మ చెప్పింది. చుక్కలు వేశాను. పాలు తాగుతోంది" అంది ఆమె.

అతను తడిగుడ్డ పిండి ఇచ్చాడు.

మాట్లాడుకోండి:

బాలింత మొదట ఎందుకు రాలేదు? ఆ సంగతి నర్సమ్మకి ఎలా తెలిసింది?

టీకా వేయించిన రాత్రి మీ ఇంట్లో ఏం జరిగింది? ముందుగా మీకు ఎవరైనా చెప్పారా?

మీ బిడ్డ టీకా కార్డు తెచ్చుకోండి. తర్వాతి టీకా తేదీ మీరే చదివి పక్కవాళ్లకి చెప్పండి.