మంచు పడేలోగా

చిరంజీవి అమ్మడికి,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. పెరట్లో గులాబీల చుట్టూ బొమ్మ రైలు పట్టాలు చక్కగా వేశావు. చలికాలంలో ఏది బయట ఉంచాలి, ఏది లోపల పెట్టాలి అని ఫోన్‌లో అడిగావు కదా, అది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఉత్తరం. మన పెన్సిల్వేనియాలో నేల గడ్డకట్టడానికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి.

ముందు ఒక మాట గట్టిగా చెబుతాను. తోట రైళ్ళు పాడయ్యేది వానకి కాదు. తడిసిన రైలుని ఆరబెట్టకుండా పెట్టెలో పెట్టి మూత వేస్తామే, అప్పుడు పాడవుతాయి. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో లేమాన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో, 45 మిల్లీమీటర్ల గేజితో ఈ పెద్ద రైళ్ళు తెచ్చినప్పుడే ఆరుబయట కూడా నడిచేలా తయారుచేసింది. చినుకుల్లో పరుగెత్తినంత మాత్రాన ఇంజన్‌కి ఏమీ కాదు. నెలల తరబడి చెమ్మలో నిలబడితేనే అవుతుంది.

పట్టాల్ని బయటే ఉండనీ. నీవి ఇత్తడివి కాబట్టి ఇనుములా తుప్పు పట్టవు, నల్లబడతాయి. ఆ నలుపు కరెంటుని సరిగ్గా పోనివ్వదు. వసంతం రాగానే మెత్తటి స్కాచ్‌బ్రైట్ ముక్కతో రుద్దితే సరిపోతుంది. ఉక్కు పీచు మాత్రం వాడొద్దు, దాని పోగులు ఊడి మోటారు అయస్కాంతానికి అంటుకుంటాయి. పట్టాల్ని నేలకి మేకులతో బిగించెయ్యకు. జనవరి చలికీ జులై ఎండకీ మధ్య ఇత్తడి వేడిలో 50 సెంటిగ్రేడ్ డిగ్రీల తేడా సులువుగా వస్తుంది. అంత తేడాకి 10 మీటర్ల పట్టా 9 మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. కదలడానికి చోటుంటే సర్దుకుంటుంది, లేకపోతే వంకర తిరుగుతుంది. కింద గుండ్రటి గులకరాళ్ళు కాదు, నలగ్గొట్టిన సన్న కంకర పొయ్యి. నీళ్ళు నిలవకుండా వాలు చూసుకో, నిలిచిన నీరు గడ్డకట్టి ఉబ్బితే పట్టాని పైకి ఎత్తేస్తుంది. రైలు దారి మార్చే పాయింట్ల మోటార్లు విప్పి లోపలికి తెచ్చుకో. ఉరుములు వచ్చేలా ఉంటే పట్టాలకి కరెంటిచ్చే వైర్లు ముందే తీసెయ్యి.

ఇక ఇంజన్. దీని దగ్గర తొందరపడకు. పాత తువ్వాలు పరిచి దాన్ని వెల్లకిలా పెట్టు. ఇరుసులకి చుట్టుకున్న గడ్డిపోచలు, వెంట్రుకలు ట్వీజర్‌తో మెల్లగా లాగెయ్యి. చక్రాల అంచున పేరుకున్న నల్లటి జిడ్డుని గుడ్డతో తుడువు. స్క్రూల తలలు చూడు, బరువు కోసం బోగీల అడుగున పెట్టిన ఇనప ముక్కలు చూడు. తుప్పు మొదలయ్యేది అక్కడే. ఒక్కో ఇరుసుకి ప్లాస్టిక్‌ని తినెయ్యని సన్న నూనె ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. అదయ్యాక రెండు రోజులు గదిలో గాలికి వదిలెయ్యి. పైకి పొడిగానే కనిపిస్తుంది గానీ బోగీ కప్పు కింద, ఇంజన్ పొట్టలో తడి దాగి ఉంటుంది. మీ అమ్మమ్మ ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనిస్తుందా? ఈ పెట్టెల దగ్గర నీకూ అంత పట్టింపు ఉండాలి.

బయట బాగా చల్లగా ఉన్నప్పుడు రైలు నడిపితే దాన్ని అలాగే వెచ్చటి గదిలోకి తేవద్దు. చల్లటి లోహం తగలగానే గదిలోని ఆవిరి నీళ్ళై లోపలా బయటా దిగుతుంది. బయటే పెట్టెలో పెట్టి, మూతేసి తీసుకురా. కొన్ని గంటలాగి, పెట్టె వెచ్చబడ్డాక తెరువు.

బ్యాటరీల సంగతి ఎట్టి పరిస్థితిలోనూ మరిచిపోవద్దు. చివరి బోగీ లైటులోనో, కూత వేసే యూనిట్‌లోనో మామూలు ఆల్కలైన్ సెల్స్ ఉంటే ముందు అవి తియ్యి. అవి కారితే లోపలి రేకుల్ని తినేస్తాయి. లిథియం ప్యాక్ అయితే నిండుగానూ కాదు, ఖాళీగానూ కాదు, సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జింగ్‌లో పెట్టకూడదు. ముందుముందు నిజంగా ఆవిరితో నడిచే ఇంజన్ కొంటే చలికాలానికి ముందు బాయిలర్‌లో చుక్క నీరు మిగల్చకు.

ఎక్కడ దాచాలి? అటక మీద వద్దు. వేసవి వేడికి ప్లాస్టిక్ బోగీలు వంగిపోతాయి, గేర్లలోని గ్రీజు కారిపోతుంది. కిటికీ పక్కన అందంగా పేర్చడం కూడా నాకు ఇష్టం లేదు. గాజులోంచి వచ్చే ఎండకైనా రంగు వెలుస్తుంది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. మీ బేస్‌మెంట్ మంచిదే, డీహ్యూమిడిఫయర్ పెట్టి తేమ 50 శాతం దాటకుండా చూసుకో. పెట్టెలు నేలమీద కాక అలమరలో, గోడకి కాస్త ఎడంగా పెట్టు. అట్టపెట్టెల్ని ఎలుకలు కొరుకుతాయి, వైర్లనీ వదలవు. అందుకని గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని, ఒక్కోదాంట్లో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. రైలుకి చుట్టడానికి స్పాంజి ఫోమ్ వాడకు, కొన్నేళ్ళకి అది కరిగి రంగుకి అంటుకుపోతుంది. బబుల్ ర్యాప్ బుడగలు రంగు మీద గుండ్రటి మచ్చలు వేస్తాయి. ఆమ్లం లేని టిష్యూ కాగితం కొంచెం ఖరీదే, అయినా అదే కొను. రబ్బరు టైర్లున్న చక్రాల మీద నెలల తరబడి బరువు మోపకుండా ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి లేపి ఉంచు.

ఎండాకాలంలో రోజూ లోపలికి తెచ్చి పెట్టే పని వేరు. నన్నడిగితే వానకన్నా, మోసేటప్పుడు చేతుల్లో విరిగేవే ఎక్కువ. మెట్ల పిడులు, కప్లింగులు, పొగగొట్టాలు అలాగే పోతాయి. పొడుగాటి చెక్క మీద ఒక పట్టా బిగించి, ఒక చివర అడ్డం కట్టి, రైలుని తోటలోంచి నేరుగా దానిమీదకి నడిపించు. రెండో చివరా అడ్డం పెట్టి, చెక్కతో సహా ఎత్తి తెచ్చుకో. ఇంకా మంచిది, గరాజ్ గోడకి చిన్న తలుపు పెట్టి పట్టాని లోపలికే తీసుకెళ్ళడం. దాని గురించి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రైల్‌రోడ్ మ్యూజియం ఆఫ్ పెన్సిల్వేనియాకి నిన్ను తీసుకెళ్ళాలని ఉంది. యార్డులో ఆకాశం కింద నిలబడ్డ ఇంజన్లనీ, హాల్లో కప్పు కింద ఉన్నవాటినీ ఒకే పూటలో చూస్తే నేను ఇంత రాయాల్సిన పనే ఉండదు.

ఈ శనివారం ముందు బ్యాటరీలు తియ్యి, తర్వాత ఇంజన్ తుడువు. నీ రైలు మొత్తం పొడవు ఎంతో కొలిచి చెప్పు, చెక్క కోయించి నేనే తెస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య