అట్ట ట్యాంకు, సుద్ద మంచు
(యుద్ధకాలపు మంచు దృశ్యాన్ని నమూనాగా తయారుచేసే పద్ధతి)



ఆరో తరగతి నుంచి పది వరకు నేను ఈ హాస్టల్లోనే చదివాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు పదో తరగతి చెల్లెళ్లు, "అక్కా, ఎగ్జిబిషన్‌లో రెండో ప్రపంచ యుద్ధం మీద ఏదైనా పెడదాం" అన్నారు. అప్పుడు అందరం కలిసి చేసిన నమూనా గురించే ఈ పాఠం. వచ్చే ఏడాది మీరు ఇంతకన్నా బాగా చేయాలని రాస్తున్నాను.

ఏ దృశ్యం?

ఒక స్థలాన్ని, ఒక సమయాన్ని చిన్న కొలతలో కళ్లముందు నిలబెట్టే నమూనాను డయోరమా అంటారు. ఊరికే "యుద్ధం" అనుకుంటే అది కుదరదు. ఎక్కడ, ఎప్పుడు అనేది ముందు తేల్చుకోవాలి. మేము 1941 డిసెంబరులో మాస్కో దగ్గరి ఒక పల్లెను ఎంచుకున్నాం.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దండెత్తింది. చలికాలం రాకముందే గెలుస్తామనుకుంది. అక్టోబరులో మాస్కో వైపు బయల్దేరిన సేన ముందు బురదలో, తరువాత మంచులో చిక్కుకుంది. చాలామంది సైనికులకు చలిబట్టలు కూడా అందలేదు. డిసెంబరు 5న సోవియట్ సేన ఎదురుదాడి మొదలుపెట్టింది. ఆ దాడిలో పాల్గొన్న టి-34 రకం ట్యాంకును మేము చేశాం.

కొలత

ట్యాంకు నమూనాలకు 1:35 కొలత బాగా వాడుకలో ఉంది. జపాన్‌లోని తమియా సంస్థ 1960ల మొదట్లో, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా చేసిన పాంథర్ ట్యాంకు కిట్టుతో ఇది మొదలైంది. అలాంటి కిట్లు మన కాస్మెటిక్ చార్జీలతో కొనగలిగేవి కావు. అయినా దిగులు పడకండి. పాత నోటుపుస్తకాల అట్టలు, స్కేలు, కత్తెర, ఫెవికాల్ చాలు.

అసలు కొలతను 35తో భాగించండి. టి-34 పొడవు (ఫిరంగి గొట్టం కాకుండా) 5.92 మీటర్లు, అంటే మనకు 17 సెం.మీ. వెడల్పు 3 మీటర్లు, అంటే 8.6 సెం.మీ. ఎత్తు సుమారు 7 సెం.మీ. ఒక్కో పక్క ఐదు పెద్ద చక్రాలు, ఒక్కొక్కటి 2.4 సెం.మీ. అట్ట బిళ్ల. ఫిరంగికి ఖాళీ పెన్ను రీఫిల్లు 9 సెం.మీ. ముక్క. మనిషి 5 సెం.మీ. ఉంటాడు.

ముందు భాగాన్ని నిలువుగా కాక ఏటవాలుగా అతికించాలి. దానికి కారణం మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. 45 మి.మీ. ఇనుప పలకను నిలువు నుంచి 60 డిగ్రీలు వాల్చితే, ఎదురుగా వచ్చే గుండు దాటాల్సిన మందం 90 మి.మీ. అవుతుంది. కాస్ 60 విలువ సగం కదా!

పట్టాలు

అట్టపెట్టె ముక్క మీది కాగితం పొర తడిపి ఊడదీస్తే లోపల గీతలు గీతలుగా ఉంటుంది. దాన్ని 1.4 సెం.మీ. వెడల్పు పట్టీగా కోసి చక్రాల చుట్టూ అతికించండి. ఈ వెడల్పు మాత్రం తగ్గించకండి. టి-34 పట్టాల వెడల్పు 50 సెం.మీ.కు తగ్గదు. అప్పటి జర్మన్ పాంజర్ 3, పాంజర్ 4 ట్యాంకుల పట్టాలు 36 నుంచి 40 సెం.మీ. మాత్రమే. బరువును వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి వస్తుంది. టి-34 బరువు 26 టన్నులకు పైనే అయినా, నేల మీద దాని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.7 కిలోలు. ఆ జర్మన్ ట్యాంకులకు సుమారు 0.9. అందుకే టి-34 మంచులో తక్కువగా దిగబడేది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు వెడల్పాటి ఇనుప చక్రాలు ఎందుకు కడతారో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

రంగు, మంచు

ముందు ట్యాంకుకు ముదురాకుపచ్చ వేసి ఆరనివ్వండి. దానిపైన పల్చగా సున్నం పూయండి. నిజంగానే ఆ చలికాలంలో ట్యాంకులు మంచులో కనబడకుండా సున్నం, సుద్ద లాంటి తెల్లపూత పూసేవారు. సైనికులు ఎక్కిదిగే చోట, అంచుల దగ్గర అది చెరిగిపోయేది. కాబట్టి అక్కడ తడిగుడ్డతో తుడిచేయండి.

మనలో చాలామందికి మంచు అంటే తెల్లవారుజామున పట్టే పొగమంచే. మేము మొదట థర్మాకోల్ పూసలు చల్లాం. తప్పు! 2 మి.మీ. పూసను 35 రెట్లు పెంచితే 7 సెం.మీ. వడగల్లు అవుతుంది. ఉప్పు చల్లితే వానాకాలం చెమ్మకు కరిగిపోయింది. చివరికి సుద్దముక్కల పొడిని పల్చటి చున్నీలో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో ముద్ద చేసి థర్మాకోల్ పలక మీద పరిచాం. ఆరకముందే ట్యాంకును నొక్కి జరిపితే పట్టాల అచ్చులు పడ్డాయి. నీడ పడే గుంటల్లో బట్టలకు పెట్టే నీలిమందు ఒక చుక్క కలిపిన నీళ్లు రాశాం. మంచు పైనుంచి పడుతుంది కాబట్టి కొమ్మల మీద, కప్పుల మీద పేరుకుంటుంది. పక్కలకు ఎక్కువగా పూయకండి.

ఇల్లు ఎవరిది?

ఖాళీగా ఉందని ఒక మూల కాలిపోయిన ఇల్లు పెట్టాం. అక్కడి పల్లెల్లో ఇళ్లు దుంగలతో కట్టేవారు. నిప్పంటుకుంటే ఇటుక పొయ్యి, పొగగొట్టం మాత్రమే నిలిచేవి. అగ్గిపుల్లలు కాల్చి, సబ్బు ముక్కతో పొయ్యి చెక్కాం. బాగా కుదిరిందని మురిసిపోతుంటే ఆరో తరగతి పాప వచ్చి, "అక్కా, ఈ ఇల్లు ఎవరిది? వాళ్లేరి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నాకు ఆరేళ్లప్పుడు, వేసవిలో మా పాక కాలిపోయింది. తెల్లారి చూస్తే పొయ్యి, రోలు మిగిలాయి. అమ్మ ఆ పొయ్యి మీదే గంజి కాచింది. అయినా ఈ ఇంటివాళ్లు నాకు గుర్తే రాలేదు.

పుస్తకాలు మళ్లీ తీశాను. శత్రువుకు చలిలో తలదాచుకునే చోటు దొరకకూడదని, జర్మన్ సేనల వెనక ఉన్న పల్లెలను తగలబెట్టమని 1941 నవంబరు 17న స్టాలిన్ ఆదేశమిచ్చాడు. వెనక్కి తగ్గుతూ జర్మన్లు కూడా పల్లెలను కాల్చారు. ఎవరు కాల్చినా ఆ చలిలో బయట నిలబడింది ఆ పల్లెవాళ్లే. కొన్ని రోజుల్లో చలి సున్నాకు 30 డిగ్రీల కిందికి పడిపోయేది. ఆ యుద్ధంలో సోవియట్ యూనియన్ సుమారు 2.7 కోట్ల మందిని పోగొట్టుకుంది. వారిలో సగానికి పైగా సైనికులు కారు.

ఆ రాత్రి తీగతో, గోధుమపిండి ముద్దతో ఇద్దరు మనుషుల్ని చేశాం. తల్లి పొయ్యి దగ్గర వంగి ఉంది. కూతురి చేతిలో మూట ఉంది. చూడవచ్చినవాళ్లు ముందు ట్యాంకునే చూసేవారు. తరువాత ఆ ఇద్దరి దగ్గర ఆగి, "వీళ్లెవరమ్మా?" అని అడిగేవారు. మన పిల్లలు తడుముకోకుండా చెప్పారు.

చెల్లెళ్లారా! ఎగ్జిబిషన్‌కు ఏ యుద్ధాన్ని ఎంచుకున్నా, ట్యాంకును కొలిచినంత శ్రద్ధగా ఆ ఊరి మనుషుల గురించి కూడా చదవండి. 5 సెం.మీ. మనిషికి మీ నమూనాలో చోటు ఉంచండి.

మీ అక్క,
పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (చరిత్ర)