లాంబాక్ జలసంధి: పోటీ పరీక్షల ప్రత్యేకం

ఇండోనేషియాలోని బాలి, లాంబాక్ దీవులను వేరుచేస్తూ, బాలి సముద్రాన్ని హిందూ మహాసముద్రంతో కలుపుతుంది.

• ప్రవాహం: పసిఫిక్ జలాలు హిందూ మహాసముద్రంలోకి చేరే ముఖ్య మార్గాల్లో ఇదొకటి. దక్షిణ ముఖద్వారం వద్ద నుసా పెనిడా దీవి ఉంది.

• నౌకాయానం: మలక్కా జలసంధి కంటే చాలా లోతైనది. అక్కడి లోతు చాలని భారీ నౌకలు ఇటుగా వెళతాయి.

• వాలెస్ రేఖ: 1856లో ఇక్కడికి వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ రెండు దీవుల పక్షుల్లో తేడాను గమనించారు. మంచుయుగంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు తగ్గినా ఈ జలసంధి ఎండలేదు. అందుకే ఈ జలసంధి మీదుగా సాగే వాలెస్ రేఖకు పడమర వైపున ఆసియా జాతులు ఎక్కువ. తూర్పున ఆస్ట్రేలియా సంబంధ జాతులు మొదలవుతాయి.

గుర్తుంచుకోండి: పడమర నుంచి తూర్పుకు వరుసగా సుందా, బాలి, లాంబాక్, అలాస్ జలసంధులు. పటం ముందుంచుకుని చదవండి.